ఫోటోకు నోరివ్వాలి

చీరల కొట్టులో పరుపు మీద కూర్చున్న గుమాస్తా చేతులు ఎంత పనిచేస్తాయో నోరూ అంతే పనిచేస్తుంది. మడత విప్పుతూనే ఉంటాడు, చెబుతూనే ఉంటాడు. ఇది గద్వాల అమ్మా, చీరంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ వంకాయ రంగు ఇక్కడ లైటు కింద నల్లగా కనిపిస్తోంది గానీ ఎండలో చూస్తే కాస్త ఎరుపు కొడుతుంది. కొంగు మీద బుటాలు జరీవి. కొనేవాళ్ల కళ్లు చీర మీదే ఉన్నా, ఎక్కడ చూడాలో, ఏం గమనించాలో ఆ మాటలే చెబుతాయి. అదే చీర ఆన్‌లైన్ దుకాణానికి చేరేసరికి మడత విప్పే చెయ్యి ఫోటోగా మారింది, నోరు మాత్రం మూతపడింది. చోటు లేక కాదు. వెబ్‌సైట్‌లో పెట్టే ప్రతి ఫోటో వెనకా మాట రాయడానికి ఒక గడి ఉంటుంది. దాన్ని ఆల్ట్ టెక్స్ట్ అంటారు. ఎన్నో దుకాణాల్లో అది ఖాళీగా ఉంటుంది. కొన్నిచోట్ల దాన్ని గూగుల్‌కు వేసే ఎరగా వాడతారు. నా అభిప్రాయంలో ఆ గడి నింపడం కంప్యూటర్ నిపుణుల పని కాదు, వెతుకులాటలో పైకి రావడానికి వేసే ఎత్తూ కాదు. సరుకు చూపించి అమ్మడంలో అది సగం పని. సరుకు తెలిసినవాళ్లే ఆ పని చేయాలి.

ఆల్ట్ అంటే బదులు అని. ఫోటో కనిపించని చోట ఫోటోకు బదులు నిలబడే మాట అది. వెబ్ పేజీలో బొమ్మ పెట్టే పద్ధతిని మార్క్ ఆండ్రీసెన్ 1993లో ప్రతిపాదించాడు. 1995లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 2.0 నాటికే బొమ్మకు బదులు మాట రాసే ఏర్పాటు అందులో ఉంది. 1997 చివర వచ్చిన 4.0 దాన్ని తప్పనిసరి చేసింది. అప్పట్లో టెలిఫోన్ తీగల మీద నత్తనడక నడిచే ఇంటర్నెట్‌లో బొమ్మలు రాకపోతే ఆ మాటే ఆధారం. ఈరోజుకీ సిగ్నల్ సరిగా అందని ఊళ్లో ఫోటో తెరుచుకోకపోతే ఆ ఖాళీలో కనిపించేది అదే. కానీ దాని అసలు అవసరం కంటిచూపు లేనివారిది. వాళ్ల ఫోన్‌లో స్క్రీన్ రీడర్ తెర మీది అక్షరాలను గొంతుతో చదివి వినిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్, ఐఫోన్లలో వాయిస్‌ఓవర్ ఆ పని చేస్తాయి. విండోస్ కంప్యూటర్లకు ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. 2006లో దాన్ని మొదలుపెట్టిన మైకేల్ కరన్, తర్వాత చేయి కలిపిన జేమ్స్ టే, ఇద్దరూ చూపు లేనివారే. ఈ గొంతు ఫోటో దగ్గరికి వచ్చినప్పుడు ఆల్ట్ టెక్స్ట్ ఉంటే దాన్ని చదువుతుంది. లేకపోతే బొమ్మ అని ఊరుకుంటుంది. ఆ బొమ్మే ఇంకో పేజీకి దారి అయితే, దుకాణాల్లో సరుకు ఫోటోలు చాలావరకు అలాంటివే కాబట్టి, చాలాసార్లు ఫైలు పేరునో లింకు చిరునామానో అక్షరాలూ అంకెలుగా విడగొట్టి చదువుతుంది. ఇరవై చీరలున్న పేజీలో ఇరవైసార్లు అర్థంలేని అంకెలు వినాల్సి వస్తుందంటే, ఆ కొట్టు తలుపు వాళ్ల ముఖం మీద మూసినట్టే.

వాళ్లు ఎంతమంది ఉంటారులే అనేది మొదట వినిపించే అభ్యంతరం. 2011 జనగణన ప్రకారం దేశంలో చూపు లోపం ఉన్నవారు సుమారు 50 లక్షలు. కొట్టుకు నడిచి వెళ్లడం, రద్దీలో బస్సెక్కడం, చిల్లర లెక్క చూసుకోవడం కష్టమైన మనిషికి ఇంటి నుంచి ఫోన్‌లో కొనుక్కోగలగడం మిగతా అందరికంటే ఎక్కువ మేలు. ఆ మేలు ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో వాళ్లకే అందకుండా పోతోంది. దీని మీద న్యాయస్థానాల దాకా వెళ్లినవాళ్లు ఉన్నారు. సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైట్‌లో బొమ్మలకు ఆల్ట్ టెక్స్ట్ లేదనే మాటతో సహా కొన్ని లోపాలను ఎత్తిచూపుతూ బ్రూస్ మెగ్వైర్ అనే అంధుడు 1999లో ఆస్ట్రేలియా మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. 2000లో కమిషన్ ఆయన పక్షాన తీర్పు చెప్పింది, తర్వాత 20,000 ఆస్ట్రేలియా డాలర్ల పరిహారం ఇమ్మంది. అమెరికాలో టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థ మీద అక్కడి అంధుల జాతీయ సమాఖ్య 2006లో దావా వేసింది. అందులోనూ ముఖ్యమైన ఆరోపణల్లో ఒకటి సరుకు ఫోటోలకు మాటలు లేకపోవడమే. 2008లో 60 లక్షల డాలర్ల నిధితో రాజీ కుదిరింది. మన దగ్గర 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సమాచార సాంకేతికత అందరికీ అందాలంటుంది. రాజీవ్ రతూరీ కేసులో 2024 నవంబరులో సుప్రీంకోర్టు, ఆ ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోతే చాలదని, తప్పనిసరి నియమాలు కావాలని చెప్పింది. 2025 ఏప్రిల్‌లో మరో తీర్పులో డిజిటల్ సేవలను అందుకోగలగడం జీవించే హక్కులో భాగమని తేల్చింది. ఇవన్నీ తెలిసుండడం మంచిదే. అయితే చట్టానికి భయపడి రాసిన మాటలు ఎలా ఉంటాయో కూడా చూస్తున్నాం. 'ఉత్పత్తి చిత్రం' అని రాసి గడి నింపేస్తారు. లెక్కకు అది ఆల్ట్ టెక్స్టే, వినేవాళ్లకు మాత్రం దానికీ ఖాళీకీ తేడా లేదు. వెబ్‌ఎయిమ్ అనే అమెరికా సంస్థ ఏటా పది లక్షల వెబ్‌సైట్ల మొదటి పేజీలను పరీక్షిస్తుంది. 2025లో కూడా సగానికి పైగా పేజీల్లో ఆల్ట్ టెక్స్ట్ లేని బొమ్మలు కనిపించాయి. గడిలో ఏదో ఒకటి రాసి గట్టెక్కినవి ఆ లెక్కలో లేవని గుర్తుంచుకోవాలి.

అయితే ఏం రాయాలి? ఫోన్‌లో అవతలి మనిషికి ఆ సరుకు గురించి ఒక్క వాక్యంలో చెప్పాల్సి వస్తే ఏం చెబుతామో అదే రాయాలి. పట్టుచీర అని రాస్తే పక్కనున్న యాభై పట్టుచీరల్లో అది ఏదో తెలియదు. అందమైన పట్టుచీర అన్నా తెలియదు. అందం వినేవాళ్లు తేల్చుకోవాల్సిన సంగతి, దానికి కావలసిన వివరం మనం ఇవ్వాలి. 'నెమలికంఠం రంగు పోచంపల్లి ఇక్కత్ పట్టుచీర, చీర నిండా తెల్లని గళ్లు, నాలుగు వేళ్ల వెడల్పు ఎరుపు అంచు' అంటే చీర కళ్ల ముందుకు వస్తుంది. 'మంగళగిరి నూలు చీర, గంధం రంగు, చీరలో ఏ పనీ లేదు, రెండు వైపులా సన్నని జరీ అంచు' అన్నప్పుడు ఏ పనీ లేదన్న మాట కూడా సమాచారమే, ఎందుకంటే సాదా చీర కోసమే వెతికేవాళ్లుంటారు. కొండపల్లి బొమ్మ అని ఆగిపోకుండా 'తాడిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడి కొండపల్లి కొయ్యబొమ్మ' అనాలి. ఫోటో, చిత్రం అనే మాటలతో మొదలుపెట్టనక్కర్లేదు, అది బొమ్మ అని స్క్రీన్ రీడరే చెబుతుంది. ఒకటి రెండు వాక్యాలు దాటితే వినేవాళ్లు అలసిపోతారు. మధ్యలో ఆపి మళ్లీ అక్కడి నుంచే వినడం చూపుతో చదివినంత సులువు కాదు. అందుకే ఈ చీరను పక్క చీర నుంచి వేరుచేసే సంగతి ముందు రావాలి. ఉతికే పద్ధతి, పొడవు, ధర లాంటివి పేజీలో మామూలు అక్షరాల్లో ఉంటే ఇక్కడ మళ్లీ చెప్పడం దండగ.

చూపు లేనివారికి రంగుతో పనేమిటని అడిగేవాళ్లున్నారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, నిజంగానే తెలియక అడుగుతారు. చూపు లోపం ఉన్నవాళ్లంతా పుట్టుకతో చీకట్లో ఉన్నవాళ్లు కాదు. ఎందరికో కొంత చూపు ఉంటుంది, ఎందరో మధ్యలో చూపు పోగొట్టుకున్నవాళ్లు, కనకాంబరం రంగంటే ఏమిటో వాళ్లకు బాగా తెలుసు. పుట్టుకతోనే చూడనివాళ్లకు కూడా రంగు అవసరమే. ఏ రవికె మీదికి ఏ చీర నప్పుతుందో, పెళ్లికి ఏది కట్టుకెళ్లాలో, ఆడపడుచుకు ఏ రంగు ఇష్టమో అందరి ఇళ్లలాగే వాళ్ల ఇళ్లలోనూ మాట్లాడుకుంటారు. తాము ఎదుటివారికి ఎలా కనిపించాలో ఎంచుకోవడం ప్రతి మనిషికీ ఉన్న హక్కు. ఇక్కడ తెలుగు మనకు గొప్ప సాయం చేస్తుంది. వంకాయ రంగు, చిలకపచ్చ, ఉల్లిపొర రంగు, గంధం, నెమలికంఠం, మెంతి రంగు. ఇవన్నీ వస్తువుల పేర్లతో పుట్టిన రంగులు, కాబట్టి చేతితో తాకి, ముక్కుతో వాసన చూసి ఎరిగిన వస్తువుల జ్ఞాపకాన్ని వెంట తెస్తాయి. కలర్ కోడ్ 7 అని రాసే కొట్టు వాటన్నిటినీ వదులుకుంటోంది.

ఒక్కో సరుకుకు నాలుగైదు ఫోటోలు పెడతారు కదా, అన్నిటికీ ఒకే వాక్యం అతికించడం ఇంకో పొరపాటు. మొదటి ఫోటో చీర మొత్తాన్ని చూపితే, రెండోది కొంగు, మూడోది అంచు, నాలుగోది వెనక వైపు. దేని కోసం ఆ ఫోటో తీశామో దాన్నే చెప్పాలి. 'కొంగు దగ్గరగా: ఎరుపు మీద మూడు వరుసల ఏనుగులు, చివర కుచ్చులు' అని. పేజీ అందానికి వాడిన తీగలు, గీతల బొమ్మలకు మాట అక్కర్లేదు. ఆ గడిని కావాలనే ఖాళీగా ఉంచానని వెబ్‌సైట్‌కు చెప్పే పద్ధతి వేరే ఉంది, అప్పుడు స్క్రీన్ రీడర్ దాన్ని దాటేసి వెళుతుంది. వీటికంటే నన్ను ఎక్కువగా బాధపెట్టేది అక్షరాలతో నిండిన బొమ్మల సంగతి. మన చిన్న దుకాణాలు రాయితీ వివరాలు, కొలతల పట్టిక, వాపసు నియమాలు అన్నీ ఒక రంగుల పోస్టరుగా చేయించి ఫోటోలా పెడతాయి. చూసేవాళ్లకు అది ప్రకటన, వినేవాళ్లకు అది గోడ. పచ్చళ్లు అమ్మేవాళ్ల విషయంలో ఇది ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఆవకాయ సీసా వెనక చీటీలో ఏ నూనె వాడారో రాసి ఉంటుంది. ఆ చీటీ ఫోటోగా మాత్రమే ఉండి, అది నువ్వుల నూనో పల్లీ నూనో వినిపించకపోతే, పల్లీలు పడని మనిషి ఎవరిని అడగాలి? ఇలాంటి చోట ఆల్ట్ టెక్స్ట్ కూడా రెండో మందే. ఆ వివరాలను పోస్టరులోంచి బయటికి తీసి పేజీలో మామూలు అక్షరాలుగా రాయడమే సరైన పద్ధతి.

ఇక గూగుల్ మాట. ఫోటో దేని గురించో తెలుసుకోవడానికి ఆల్ట్ టెక్స్ట్‌నూ, పేజీలోని మిగతా రాతనూ, బొమ్మను గుర్తుపట్టే తన యంత్రాన్నీ కలిపి వాడతామని గూగుల్ చెబుతుంది. అంటే మంచి మాట రాస్తే వెతుకులాటలో లాభం ఉంటుంది, కాదనను. కానీ ఆ లాభం కోసమే రాసేవాళ్లు 'పట్టుచీర, పెళ్లి పట్టుచీర, తక్కువ ధర పట్టుచీర, కొత్త పట్టుచీరలు, పట్టుచీర ఆన్‌లైన్' అని గుప్పిస్తారు. వ్యాపారంలో పోటీ ఉంది, ఇలా చేయకపోతే వెనకబడతాం అనేది వాళ్ల వాదన. అది నిలవదు. ఇలా ఒకే మాటను దట్టించడం పాఠకులకు ఇబ్బందని, సైటును చెత్తగా లెక్కగట్టే ప్రమాదముందని గూగుల్ తన సూచనల్లోనే హెచ్చరిస్తుంది. పైగా ఆ మాటల దండకం పూర్తిగా వినేది స్క్రీన్ రీడర్ వాడే మనిషి. ఆయన కోసం పుట్టిన గడిలో ఆయన్ని తప్ప అందరినీ తలచుకోవడం అన్యాయం. రంగు, నేత, ఊరు, అంచు సరిగ్గా చెప్పిన వాక్యంలో వెతికేవాళ్లు వాడే మాటలు వాటంతట అవే ఉంటాయి. వంకాయ రంగు గద్వాల చీర కావలసినవాళ్లు ఫోన్‌లో కొట్టేదీ అవే మాటలు మరి.

ఫైలు పేరు ఈ కథలో తమ్ముడి లాంటిది. దాని బలం తక్కువ, కానీ వదిలేయదగ్గది కాదు. నేత ఇంటి నుంచి కొట్టుకు, కొట్టు నుంచి వెబ్‌సైట్ చూసే కుర్రాడికి ఫోటోలు వాట్సాప్‌లో తిరుగుతాయి. అక్కడ ప్రతి ఫోటో పేరూ ఐఎంజీ, ఆనాటి తేదీ, డబ్ల్యూఏ, నాలుగంకెలు అయి కూర్చుంటుంది. ఆ పేరుతోనే ఎక్కిస్తే గూగుల్‌కు ఏమీ తెలియదు. ఆల్ట్ లేని చోట వినేవాళ్లకు ఆ అంకెలే గతి. ఆరు నెలల తర్వాత కొట్టువాళ్లకే ఏ ఫోటో ఏ చీరదో తెలియదు. అందుకే ఎక్కించకముందే 'గద్వాల-నూలు-చీర-వంకాయ-కొంగు' అన్నట్టు నాలుగైదు మాటల పేరు పెట్టుకోవాలి. మాటల మధ్య ఖాళీ కాకుండా చిన్న అడ్డగీత ఉండాలి, కింది గీత కంటే ఇదే మేలని గూగుల్ కూడా అంటుంది. ఇక్కడ తెలుగు లిపి వాడవచ్చా అంటే, వాడవచ్చు గానీ చిక్కుంది. వెబ్ చిరునామాల్లో తెలుగులోని ఒక్కో సంకేతం మూడు బైట్లుగా, ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడేసి అక్షరాలుగా మారుతుంది. చీర అనే చిన్న మాటలో చ, దీర్ఘం, ర కలిసి మూడు సంకేతాలు, చిరునామాలో అవి 27 అక్షరాలవుతాయి. పోచంపల్లి 81 అవుతుంది. అలాంటి లింకును వేరేచోట అతికిస్తే చదవడానికి వీలుండదు. కాబట్టి ఫైలు పేరు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, ఆల్ట్ టెక్స్ట్ చక్కని తెలుగులో ఉండడం నాకు సబబుగా తోస్తుంది. ఇప్పటికే సైటులో ఉన్న ఫోటోల పేర్లు మాత్రం తొందరపడి మార్చకూడదు, పాత లింకులు తెగిపోతాయి. అమెజాన్ లాంటి పెద్ద అంగళ్లలో ఫోటోలకు వాళ్ల సరుకు కోడే పేరుగా ఉండాలని అడుగుతారు. అక్కడ ఈ శ్రమ అక్కరకు రాదు, సొంత సైటులోనే పనికొస్తుంది.

ఆల్ట్ టెక్స్ట్ తెలుగులో ఎందుకు, ఇంగ్లీషులో రాస్తే అందరికీ తెలుస్తుంది కదా అనేవాళ్లకు ఒకటే జవాబు. పేజీ ఏ భాషలో ఉంటే మాట ఆ భాషలో ఉండాలి. పేజీ తెలుగుదని సైటులో గుర్తు పెట్టి ఉంటే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతు ఎత్తుకుంటుంది. గూగుల్ గొంతులోనూ, ఉచితంగా దొరికే ఈస్పీక్‌లోనూ తెలుగు ఉంది. ఇంగ్లీషు పేజీ అయితే ఇంగ్లీషులోనే రాయండి. అన్నిటికంటే చెడ్డది తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం. ఫైలు పేరుకు అది చెల్లింది, ఎందుకంటే దాన్ని ఎవరూ వినాల్సిన అవసరం రాకుండా ఆల్ట్ టెక్స్ట్ కాపాడుతుంది. వినిపించే మాటకు అది చెల్లదు. ఇంగ్లీషు గొంతు ఉల్లిపొర రంగును పలికే తీరులో ఉల్లీ ఉండదు, పొరా ఉండదు.

ఇప్పుడు అన్నిటికంటే బలంగా వినిపిస్తున్న అభ్యంతరం కృత్రిమ మేధది. ఫోటో చూపిస్తే యంత్రమే చెప్పేస్తోంది, మనుషులు కూర్చుని రాయడమెందుకు అని. 2016లో ఫేస్‌బుక్ తనంతట తాను బొమ్మలకు మాట రాసే ఏర్పాటు తెచ్చినప్పుడు, ఇందులో ఇద్దరు మనుషులు ఉండవచ్చు, నవ్వుతూ ఉండవచ్చు అనే స్థాయిలో ఉండేది. ఇవాళ్టి యంత్రాలు చాలా దూరం వచ్చాయి, రంగులూ గళ్లూ చక్కగానే పట్టుకుంటాయి. ఏమీ లేని చోట అది మేలే. కానీ యంత్రం చూసేది ఫోటోను, అమ్మేవాళ్లకు తెలిసేది సరుకు. పోచంపల్లి ఇక్కత్‌లో దారానికి ముడులు వేసి రంగులద్దాకే నేస్తారు. అందుకే రంగు గుడ్డకు రెండు వైపులా పడుతుంది, గళ్ల అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. అదే నమూనాను మరమగ్గం గుడ్డ మీద అచ్చుకొడితే ముందు వైపు ఫోటోలో రెండూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. గుడ్డ తిప్పి వెనక వైపు చూసే చెయ్యి యంత్రానికి లేదు. పట్టా, పట్టులా మెరిసే వేరే దారమా అన్నది కూడా అంతే. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు ఏ చీరకు చెల్లుతుందో యంత్రం ఊహించి రాస్తే, తప్పు ఊహ కొట్టువాళ్ల మాటగా చెలామణి అవుతుంది. చూపున్నవాళ్లు ఇంకో ఫోటో చూసి అనుమానపడగలరు. మాట మీదే ఆధారపడినవాళ్లకు ఆ అవకాశం లేదు. యంత్రం చేత చిత్తుప్రతి రాయించుకోవడంలో తప్పులేదు, సరుకు ఎరిగినవాళ్లు దిద్దకుండా పెట్టడమే తప్పు. చేనేత కానిదాన్ని చేనేత అని రాయకపోవడం కూడా ఆ దిద్దడంలో భాగమే.

చివరికి మిగిలేది తీరిక లేదన్న మాట. 300 చీరలు, ఒక్కోదానికి 4 ఫోటోలు అనుకుంటే 1,200 వాక్యాలు. చిన్న దుకాణానికి అది నిజంగా బరువే, దాన్ని తేలికచేసి మాట్లాడడం నాకిష్టం లేదు. కానీ అదంతా ఒక్కరోజులో కావాలని ఎవరూ అడగడం లేదు. ముందు ప్రతి సరుకుకూ మొదటి ఫోటో. ఆ తర్వాత అక్షరాలున్న పోస్టర్లు, సీసా చీటీలు. కొత్తగా వచ్చే సరుకుకు ఫోటో తీసే పూటే మాట కూడా రాసేస్తే బాకీ పెరగదు. ఒకే నేత ఐదు రంగుల్లో ఉంటే వాక్యం ఒకటే, రంగు మారుతుంది. ఈ పని సైటు కట్టే కుర్రాడికి అప్పగించకుండా, కొట్టులో మడత విప్పి చెప్పే మనిషి పక్కన కూర్చుని అతను చెప్పిందే రాసుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. ఆ మాటలు అతని నోట్లో ఏళ్లుగా సిద్ధంగా ఉన్నాయి.

ఆన్‌లైన్‌లో ఏదైనా అమ్ముతున్నవాళ్లకు ఒక విన్నపం. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ విభాగంలో టాక్‌బ్యాక్ ఉంటుంది. ఎలా ఆపాలో ముందు చూసుకుని దాన్ని ఆన్ చేయండి. ఒకసారి తాకితే చదువుతుంది, వెంటవెంటనే రెండుసార్లు తాకితే తెరుస్తుంది. మీ దుకాణం పేజీ తెరిచి, తెర వైపు చూడకుండా, మీ చీరల్లో ఒకటి కొనడానికి ప్రయత్నించండి. ఎక్కడ అంకెలు వినిపిస్తాయో అక్కడి నుంచి రాయడం మొదలుపెట్టండి.